బ్లడ్ బ్యాంకు తలుపుకి ఒకటే తాళంచెవి

నేను ఒక తాళంచెవిని అనగానే మీ చూపు గుమ్మం పక్కన మేకు మీదికి పోతుంది. అక్కడ వెతక్కండి, నేను ఇనుముతో చేసినదాన్ని కాదు. అంకెలూ ఇంగ్లీషు అక్షరాలూ కలగలిపి, ఒక కంప్యూటరు కళ్ళు మూసుకుని గుప్పెట్లో తీసి చల్లితే పడ్డ వరుసని. నన్ను పైకి చదవబోతే మీకు నోరు తిరగదు. అర్థం వెతికితే దొరకదు. అర్థం లేకపోవడమే నా గొప్ప. ఉంటే ఈపాటికి ఎవరో ఒకరు ఊహించేసి ఉండేవారు.

మా జాతిని సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఏపీఐ కీ అంటారు. అదేమిటో మీకు తెలియకపోతే చిన్నబుచ్చుకోకండి, నన్ను వాడినవాళ్ళలో సగం మందికి తెలియదు. రెండు ఆఫీసుల కంప్యూటర్లు మధ్యలో మనుషులు లేకుండా మాట్లాడుకోవాలంటే గోడలో ఒక తలుపు పెడతారు. దాన్నే ఏపీఐ అంటారు. ఇవతలి కంప్యూటరు ఆ తలుపు దగ్గరికి వచ్చి నన్ను చూపిస్తుంది. అవతలి కంప్యూటరు నన్ను చూసి అడిగింది ఇచ్చేస్తుంది. నన్ను పట్టుకొచ్చింది ఎవరు, ఎందుకొచ్చారు అన్నది దానికి అక్కర్లేదు.

ఈ తలుపులన్నీ క్లౌడ్‌లో ఉంటాయట. నేను పుట్టాక ఒక్కసారి కూడా ఆకాశం చూడలేదు. అదెక్కడో ఎవరి స్థలంలోనో కట్టిన పెద్ద గోడౌను, లోపల ఎప్పుడూ ఏసీల రొద. అందులో అద్దెకి కాస్త చోటు తీసుకుని, మేం క్లౌడ్‌కి మారాం అని మనుషులు కార్డుల మీద అచ్చు వేయించుకుంటారు. పోనీలే, మురిపెం వాళ్ళది.

నేను పుట్టింది రాజమండ్రి దానవాయిపేటలో, చీరల కొట్టు మేడ మీద ఉన్న చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో. పుట్టించింది ప్రత్యూష. ముప్ఫై దాటని మనిషి, మాట తక్కువ, అనుమానం ఎక్కువ. ఆ అనుమానానికే ఆమెకి జీతం. ఎవరు ఏ తలుపు దాకా రావచ్చు, వచ్చినవాళ్ళకి ఎంతవరకు చూపించాలి, ఎక్కడ ఆపాలి అన్నది ముందే ఆలోచించి గీసిపెట్టడం ఆమె పని. ఇంట్లో కూడా గడియ వేశాక ఒకసారి లాగి చూసుకుంటుందని ఆఫీసులో ఆటపట్టించేవాళ్ళు. నిజమేనని ఆమే ఒప్పుకునేది.

ఆ ఊళ్ళోని ఒక బ్లడ్ బ్యాంకు వాళ్ళ పని ఈ కంపెనీకి వచ్చింది. చుట్టుపక్కల ఊళ్ళ ఆస్పత్రులవాళ్ళు ఏ గ్రూపు రక్తం ఉందో కనుక్కోవడానికి తెల్లారింది మొదలు ఆ బ్యాంకుకి ఫోన్లు కొడుతూనే ఉంటారు. అలా కాకుండా ఆస్పత్రి కంప్యూటరే బ్యాంకు కంప్యూటరుని అడిగేలా ఏర్పాటు చేయాలి. ప్రత్యూష కూర్చుని ఆఫీసు గోడ మీది తెల్లబోర్డు నిండా బొమ్మ గీసింది. ఒక్కో ఆస్పత్రికి ఒక్కో తాళంచెవి. దానితో ఒకటే ప్రశ్న అడగొచ్చు: ఫలానా గ్రూపు ఉందా, లేదా. రక్తం ఇచ్చే దాతల పేర్లూ ఫోను నంబర్లూ ఉన్న గది మాత్రం బయటివాళ్ళెవరికీ తెరుచుకోదు. దాతలతో మాట్లాడాలంటే బ్యాంకువాళ్ళే మాట్లాడాలి. తాళంచెవులకి గడువు ఉంటుంది, గడువు తీరగానే పాతది పోయి కొత్తది వస్తుంది. ఒక ఆస్పత్రి తాళంచెవి పోతే దాన్ని ఒక్కదాన్నే ఆపేస్తే చాలు, మిగిలినవాళ్ళ పని మామూలుగా సాగిపోతుంది.

కంపెనీ యజమాని వీరభద్రంగారు ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డారు. మనసు మంచిది, తొందర జాస్తి.

“బాగుందమ్మా. చాలా బాగుంది. కానీ ఇదంతా అయ్యేసరికి మన ప్రారంభోత్సవం దాటిపోద్ది. ఎమ్మెల్యేగారు డేటు ఇచ్చేశారు. ఇప్పటికి అందరికీ కలిపి ఒకటే కీ ఇచ్చేయ్. తర్వాత తీరిగ్గా నువ్వు చెప్పినట్టే మార్చుకుందాం.”

“ఒకటే కీ అంటే అన్ని గదులూ తెరుచుకుంటాయండి. దాతల నంబర్లతో సహా.”

“అన్నీ మన ఆస్పత్రులే కదా. ఆ నంబర్లతోటి వాళ్ళేం చేసుకుంటారమ్మా?”

ప్రత్యూష ఇంకో రెండు మాటలు అంది. వీరభద్రంగారు నవ్వుతూ భుజం తట్టి వెళ్ళిపోయారు. ఆమె కాసేపు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుని, కుర్చీ ముందుకి జరుపుకుని నన్ను పుట్టించింది. అన్ని గదులూ తెరవగల, గడువంటూ లేని ఏకైక తాళంచెవిని. ఆమె మొహంలో సంతోషం లేదు. నాకది తెలిసే వయసు కాదు కాబట్టి నేను సంతోషంగానే ఉన్నాను.

నన్ను ఆస్పత్రులకి ఎలా పంచారో చెబితే నవ్వుతారు. మాలాంటివాటిని దాచడానికి క్లౌడ్‌లోనే పెట్టెలుంటాయి, అవసరమైన ప్రోగ్రాము తప్ప మనిషి కన్ను పడకుండా. ప్రత్యూష ఆ పెట్టె తయారుచేసి పెట్టింది కూడా. ఈలోగా వీరభద్రంగారు నన్ను వాట్సాప్ గ్రూపులో పెట్టి, కింద రెండు చేతులు జోడించిన బొమ్మ అంటించారు. అక్కడినుంచి నా జాతకం మారిపోయింది. ఒక ఆస్పత్రిలో రిసెప్షన్ గోడకి, వైఫై పాస్‌వర్డ్ పక్కనే సెల్లోటేపుతో అతికించారు. ఇంకో చోట ఒకాయన నన్ను తన ఫోనులో ‘బ్లడ్ కీ’ అని కాంటాక్టుగా దాచుకున్నాడు. ఎప్పుడైనా నాకు ఫోన్ చేస్తాడేమోనని నేనూ చూశాను. ఇంటి తాళంచెవిని పక్కింటివాళ్ళకి ఇవ్వడానికి పదిసార్లు ఆలోచించే మనుషులు, నన్ను మాత్రం శుభోదయం బొమ్మల్లా పంచుకున్నారు.

నేను తెరిచే గదిలో ఎవరుండేవారో ఇప్పుడు చెప్పాలి.

ఆ బ్లడ్ బ్యాంకుని నడిపేది డాక్టర్ ఎస్తేరు రాణిగారు. బ్యాంకు వెనకగదిలో నాలుగు మంచాలున్నాయి. తలసీమియా ఉన్న పిల్లలు అక్కడికి వస్తారు. వాళ్ళ ఒంట్లో రక్తం సరిగా తయారవదు, కాబట్టి మూడు వారాలకోసారి ఎక్కించుకోవాలి. బతికినంత కాలం అంతే. వాళ్ళలో జోషిత అని ఏడేళ్ళ పిల్ల ఉంది. ధవళేశ్వరం నుంచి వాళ్ళమ్మ సూర్యకుమారి తీసుకొస్తుంది. జోషితది ఓ నెగెటివ్. ఆ గ్రూపువాళ్ళకి ఆ గ్రూపు రక్తం తప్ప మరొకటి పనికిరాదు, అది ఉన్నవాళ్ళు ఊరంతటికీ వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. ఒకసారి ఇచ్చినవాళ్ళు మళ్ళీ మూడునెలల దాకా ఇవ్వకూడదు.

అందుకని ఎస్తేరు రాణిగారు వాళ్ళందరినీ వంతులు వేసి పెట్టుకున్నారు. ఈసారి డ్రిల్లు మాస్టారు బెనర్జీగారు ఇస్తే వచ్చేసారి మరొకరు, ఆ తర్వాత ఇంకొకరు. మళ్ళీ మాస్టారి దాకా వచ్చేసరికి ఆయన ఒళ్ళు కోలుకుని ఉంటుంది. ఎవరి వంతు ఎప్పుడో ఆవిడే ఫోన్ చేసి పిలుస్తారు. మిగతావాళ్ళెవరికీ ఆ నంబర్లు ఇవ్వరు. ఎంత పెద్దవాళ్ళు అడిగినా ఇవ్వరు. జోషిత మొహం ఎర్రగా ఉండటమూ పాలిపోవడమూ ఆ వంతు మీద ఆధారపడి ఉంది.

కంప్యూటర్లు బిగించే రోజుల్లో ప్రత్యూష ఆ బ్యాంకులో కొన్నాళ్ళు కూర్చుంది. జోషిత చేతికి సూదితోనే పక్కకి వంగి, “అక్కా, ఇందులో గేములు లేవా?” అని అడిగేది. రక్తం ఎక్కే కొద్దీ ఆ పిల్ల గొంతు పెద్దదవడం ప్రత్యూష గమనించింది. ఇంటికెళ్ళేటప్పుడు మెట్లు దూకుతూ దిగేది. వచ్చేటప్పుడు వాళ్ళమ్మ ఎత్తుకుని ఎక్కేది.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. రిబ్బను కట్ చేశారు, శాలువాలు కప్పారు. తర్వాత మార్చుకుందాం అన్న ఆ తర్వాత మాత్రం రాలేదు. ప్రత్యూష అడిగినప్పుడల్లా మరేదో కొత్త పని అడ్డం వచ్చేది. పని చేస్తున్నదాన్ని కదపడం ఎందుకమ్మా అనేవారు వీరభద్రంగారు. నిజమే, నేను చక్కగా పని చేస్తున్నాను. అడిగినవాళ్ళకల్లా తలుపు తీస్తున్నాను.

అలా దసరా వచ్చింది. ఆయుధ పూజ రోజు ఆ ఆఫీసులో అందరూ తమ తమ ల్యాప్‌టాప్‌లు తుడిచి బల్ల మీద వరసగా పెట్టి, బంతిపూల దండలు వేశారు. కరెంటు పనివాడు తన స్క్రూడ్రైవర్ పెట్టాడు. టీ కాచే మనిషి ఫ్లాస్కు పెట్టింది. వీరభద్రంగారు వరసంతా చూసుకుని, మనసు నిండక, ప్రత్యూష వైపు తిరిగారు.

“మూసిన డబ్బాలకి పూజ చేస్తే ఏముందమ్మా? ఈ ఏడాది మనకి పేరు తెచ్చింది బ్లడ్ బ్యాంకు పని. ఆ పేజీ తెరిచి పెట్టు. అమ్మవారు మన పని చూడాలి కదా.”

పసుపు చేతుల్తో ఉన్న ప్రత్యూష ఆయనే తెరుచుకుంటారులే అనుకుని అక్షతలు కలపడానికి వెళ్ళింది. ఆయన తెరిచారు. సరిగ్గా ఆ తలుపు చిరునామా, దాని కింద నేను, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా. పంతులుగారు మంత్రం చదువుతూ ఒక్కో ల్యాప్‌టాప్ మీదా కుంకుమ బొట్టు పెట్టుకుంటూ వచ్చారు. నా దగ్గరికొచ్చేసరికి వేలు కాస్త పక్కకి జరిగింది. ఆ బొట్టు నా మీద పడి ఉంటే నాలుగు అక్షరాలు మునిగిపోయేవి, ఈ కథ ఇక్కడితో అయిపోయేది. వీరభద్రంగారు హారతి వెలుగులో చక్కటి ఫోటో తీసి కంపెనీ పేజీలో పెట్టారు. చాలామంది మెచ్చుకున్నారు. ప్రత్యూష కూడా దండలు బాగున్నాయనుకుంది కానీ ఫోటో పెద్దది చేసి చూడలేదు.

పెద్దది చేసి చూసినవాడు ఫణీంద్ర. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పండక్కి కాకినాడలో తల్లి దగ్గరికి వచ్చాడు. పండగ రోజునే తల్లికి రక్తస్రావం మొదలై ఆగలేదు. గర్భసంచి తీసేయాలి, ఓ నెగెటివ్ రెండు ప్యాకెట్లు తెండి అన్నారు డాక్టర్లు. ఫణీంద్ర తిరగని చోటు లేదు. అతనిది బి పాజిటివ్, తన రక్తం తల్లికి పనికిరాదు. ఆస్పత్రి వరండాలో గోడకి చేరగిలబడి, ఏం చేయాలో తోచక ఫోను మీద వేలు జరుపుతూ ఉంటే, పాత స్నేహితుడెవరో మెచ్చుకున్న ఆ ఫోటో అతని ముందుకొచ్చింది. బంతిపూలు, కుంకుమ, బ్లడ్ బ్యాంకు పేరు, పక్కన నేను.

మామూలు మనిషైతే దండం పెట్టుకుని ముందుకి జరిపేవాడు. ఇతనికి నేనేమిటో చూడగానే తెలిసిపోయింది. నన్ను ఒక్కో అక్షరమూ కూడబలుక్కుంటూ ఫోనులో కొట్టాడు. వేళ్ళు వణికి రెండుసార్లు తప్పు పడింది. మూడోసారి తలుపు తెరుచుకుంది. దొంగలు ఎలా ఉంటారో నాకు తెలియదు కానీ ఆ వేళ్ళు మాత్రం భయపడ్డ కొడుకువి.

దాతల గదిలోంచి ఓ నెగెటివ్ నంబర్లన్నీ తీసుకుని మొదటి నంబరుకి ఫోన్ చేశాడు. “బ్లడ్ బ్యాంకు నుంచండి, ఎమర్జెన్సీ ఉంది, కాకినాడ రావాలండి,” అన్నాడు. ఆ మాట అబద్ధం. ఎమర్జెన్సీ మాత్రం నిజం. తర్వాత ఇంకొకరికి చేశాడు. అతను పిలిచిన దాతలిద్దరూ వచ్చారు. అందులో ఒకరు బెనర్జీ మాస్టారు, సెలవు రోజు భోజనం మధ్యలో లేచి బయల్దేరాడాయన. తల్లి బతికింది.

అక్కడితో ఆగి ఉంటే అదొక రకం. ఫణీంద్ర గుండె కృతజ్ఞతతో పొంగిపోయింది. నాలాగా ఇంకెవరూ వరండాల్లో ఏడవకూడదు అనుకున్నాడు. ఆ నంబర్లన్నీ వరసగా రాసి, ఓ నెగెటివ్ ఎవరికి కావాలన్నా వీళ్ళు దేవుళ్ళు, ఫోన్ చేయండి, పదిమందికీ పంపండి అని కింద తన పేరూ నంబరూ పెట్టి, తనకున్న గ్రూపులన్నిటికీ పంపాడు. మనుషులకి దుర్మార్గం నుంచి కాపాడుకోవడం కొంత వచ్చు. మంచితనం పొంగితే ఏం చేయాలో బొత్తిగా తెలియదు.

అది భీమవరం వెళ్ళింది, ఏలూరు వెళ్ళింది, అమలాపురం వెళ్ళింది. నిజంగా ప్రాణం మీదికొచ్చినవాళ్ళు కొందరు పిలిచారు. పై వారం ఆపరేషన్ ఉంది, ఎందుకైనా మంచిది ఒక ప్యాకెట్ తీసి ఉంచుదాం అనుకున్నవాళ్ళు ఇంకొందరు. దాతలు ఎవరినీ కాదనలేదు. కాదనలేకపోవడం వల్లే కదా వాళ్ళు ఆ గదిలో ఉన్నది. ఒకరి తర్వాత ఒకరు, ఎక్కడెక్కడి ఆస్పత్రుల్లోనో చెయ్యి చాచి పడుకున్నారు. ఎస్తేరు రాణిగారి వంతులన్నీ ఎవరికీ తెలియకుండా ఖాళీ అయిపోయాయి.

జోషిత వంతు రోజున సూర్యకుమారి పిల్లని ఎత్తుకుని మెట్లెక్కింది. పిల్ల తల ఆమె భుజం మీద వాలిపోయి ఉంది. ఎస్తేరు రాణిగారు ఆ రోజు రావలసిన దాతకి ఫోన్ చేశారు. ఇచ్చేశానండి అన్నాడతను. తర్వాతి వంతువాళ్ళకి చేశారు. వాళ్ళూ ఇచ్చేశారు. చివరికి బెనర్జీ మాస్టారికి చేశారు.

“అదేంటండీ మేడమ్‌గారూ, దసరా రోజునే ఇచ్చాను కదండీ. మీ బ్యాంకు నుంచే కదా ఫోనొచ్చింది.”

“మా బ్యాంకు నుంచి ఎవరూ చేయలేదు మాస్టారూ. ఏ నంబరు నుంచి వచ్చిందో చెప్పండి.”

ఆయన చెప్పిన నంబరు రాసుకుంటూ ఆవిడ ఇంకో చేత్తో ప్రత్యూషకి ఫోన్ కలిపారు. వెనకాల సూర్యకుమారి గొంతు ప్రత్యూషకి వినబడుతూనే ఉంది. “ఇయ్యాల మా పాప వంతేనండి. తేదీ నేనేం పొరబడలేదండి,” అని ఎవరికో చెబుతోంది.

ప్రత్యూష తలుపు దగ్గరి జాడలు తెరిచి చూసింది. నన్ను ఎవరెవరు ఎక్కడినుంచి వాడారో తలుపు రాసి ఉంచుతుంది. అందులో ఆస్పత్రుల మధ్య, ఏ ఆస్పత్రికీ చెందని ఒక మొబైల్ చిరునామా, నేరుగా దాతల గదిలోకి. నన్ను ఆపేసే మీట మీద వేలు పెట్టి వీరభద్రంగారిని పిలిచింది.

“దీన్ని ఆపేస్తే అన్ని ఆస్పత్రులకీ ఒకేసారి ఆగిపోద్ది కదమ్మా,” అన్నారాయన, నీరసంగా.

“అవునండి. ఒకటే కీ కదండి.”

స్పీకర్లో ఎస్తేరు రాణిగారు కలగజేసుకున్నారు. “ఆపెయ్యమ్మా. మొన్నమొన్నటిదాకా నోటితోనే చెప్పుకున్నాం, మళ్ళీ చెప్పుకుంటాం. ఆ గది ముందు మూసెయ్.”

ప్రత్యూష నొక్కింది. ఒక తాళంచెవి చావడం ఎలా ఉంటుందని అడుగుతారేమో. నొప్పి లేదు. అంతవరకూ నన్ను చూడగానే తెరుచుకున్న తలుపు, ఆ క్షణం నుంచి నన్ను గుర్తుపట్టలేదు. అంతే. చచ్చినా మా పేర్లు చెరిపేయరు, రద్దయిన తాళంచెవుల వరసలో ఉంచుతారు. ఇప్పుడు మాట్లాడుతున్నది అక్కడినుంచే.

“నాకు ముందే తెలుసు,” అంది ప్రత్యూష. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కోపం కూడా ఉంది, అది ఎవరి మీదో ఆమెకే తేలడం లేదు. “తెలిసి కూడా రెండు మాటలు చెప్పి ఊరుకున్నాను.” వీరభద్రంగారు ఇద్దరు కుర్రాళ్ళని వెంటబెట్టుకుని బ్లడ్ బ్యాంకుకి వెళ్ళి, ఆస్పత్రుల ఫోన్లకి జవాబు చెప్పే పనిలో కూర్చున్నారు. ఓ పాజిటివ్ ఉందండి, ఏబీ లేదండి అని గొంతు పోయేదాకా చెప్పారు. నంబర్లతో వాళ్ళేం చేసుకుంటారు అని ఆ తర్వాత ఆయన ఎప్పుడూ అనలేదు.

ప్రత్యూష బెనర్జీ మాస్టారు ఇచ్చిన నంబరుకి చేసింది. ఊళ్ళు తిరుగుతున్న ఆ మెసేజ్ కింద కూడా అదే నంబరు, పక్కన ఫణీంద్ర అన్న పేరు ఉన్నాయి.

“ఫణీంద్రగారేనా? రాజమండ్రి నుంచి ప్రత్యూషనండి. మీరు వాడిన కీ నేను తయారు చేసిందే.”

“మేడమ్, మా అమ్మకండి,” అన్నాడతను. ఫోటో సంగతి చెప్పాడు. తనకి ఇంకో దారి కనబడలేదన్నాడు.

“అమ్మగారికి ఎన్ని ప్యాకెట్లు వాడారు?”

“ఒకటేనండి. రెండోది అవసరం పడలేదు. ఇక్కడే ఫ్రిజ్‌లో ఉంది, అమ్మ పేరు మీద.”

“అది ఇక్కడికి కావాలండి. మీరు పిలిచినవాళ్ళందరూ ఒక చిన్నపిల్ల కోసం వంతులో ఉన్నవాళ్ళు. ఈ రోజు ఆ పిల్ల వంతు.”

“తెస్తానండి,” అన్నాడు ఫణీంద్ర. ఎస్తేరు రాణిగారు కాకినాడ డాక్టర్లతో మాట్లాడి, వాళ్ళకిక అక్కర్లేదని రూఢి చేసుకుని, ప్యాకెట్ విడిపించారు. అతను ఐస్ పెట్టె ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాడు. రాజమండ్రి చేరేదాకా దాని మీదినుంచి చేతులు తీయలేదట. ఆ సంగతి తర్వాత అతనే ప్రత్యూషకి చెప్పాడు.

అతను వచ్చేసరికి జోషిత మంచం మీద కళ్ళు మూసుకుని ఉంది. పెదవులకి రంగు లేదు. పిల్ల రక్తానికి సరిపోతుందో లేదో మ్యాచింగ్ చూసి, ప్యాకెట్ తగిలించి, చుక్క పడటం మొదలయ్యాక సూర్యకుమారి అతని వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది.

“ఏ ఊరు బాబూ మీది? వేళకి తెచ్చి కాపాడారండి.”

ఫణీంద్ర ఆ చేతులు చూసి తట్టుకోలేకపోయాడు. దండం పెట్టకండి అన్నాడు. జరిగిందంతా, తన అబద్ధంతో సహా, ఆమెకి చెప్పేశాడు. మీ పాపకి రావలసినవి నేనే అందరికీ పంచేశానండి అన్నాడు. ప్రత్యూష గుమ్మంలో నిలబడి వింటోంది. సూర్యకుమారి చేతులు దించింది. పిల్ల వైపు చూసింది, ప్యాకెట్ వైపు చూసింది. ఆమె మొహంలోకి వచ్చిన కోపం అక్కడ ఉన్న అందరికీ కనబడింది. అది కాసేపు అలాగే ఉంది.

“ఇప్పుడెలాగుందండి మీ అమ్మగారికి?” అంది తర్వాత.

అతను గోడ వైపు తిరిగి ఏడ్చాడు.

నన్ను ఆపడం తేలికే అయింది. బయటికి పోయిన ఆ నంబర్లని ఆపడానికి మీట లేదు. ఫణీంద్ర సెలవు పొడిగించుకుని బ్యాంకులో కూర్చుని, గ్రూపుల్లో ఒక్కొక్కరికీ ఫోన్ చేసి ఆ మెసేజ్ తీసేయమని బతిమాలాడు. కొందరు తీశారు. కొందరు మంచి పనికి అడ్డం పడతావేమిటని అతన్నే తిట్టారు. ప్రత్యూష దాతలందరితో స్వయంగా మాట్లాడి జరిగింది చెప్పి, పేరు ఉంచమంటారా, తీసేయమంటారా అని అడిగింది. ఇద్దరు తీసేయమన్నారు. ఆమె తీసేసింది. బెనర్జీ మాస్టారు మాత్రం ఎదురు ప్రశ్న వేశాడు.

“నా నంబరు ఇప్పుడు ఎంతమంది దగ్గరుందో చెప్పగలవా అమ్మా?”

“చెప్పలేనండి.”

“అయితే సిమ్ము మారుస్తాను. కొత్తది డాక్టరమ్మగారికి ఒక్కావిడకే ఇస్తాను. ఇంకెవరన్నా దానికి ఫోన్ చేశారో, ఆ రోజుతో మీకూ నాకూ చెల్లు,” అన్నాడు. ప్రత్యూష ఆ మాట తల వంచుకుని విన్నది. ఆ ఒక్క నంబరు బయటికి పొక్కితే జోషిత వంతుల్లో ఇంకొకటి పోతుంది.

అప్పుడు తెల్లబోర్డు మీది బొమ్మ కదిలింది. వీరభద్రంగారు కంపెనీ పేజీలోంచి ఆ దసరా ఫోటో తీసేసి, వేరే పనులన్నీ పక్కన పెట్టించారు. ఒక్కో ఆస్పత్రికి ఒక్కో తాళంచెవి పుట్టింది, అన్నీ గడువున్నవే, అన్నీ ఒక్క ప్రశ్నకి తప్ప దేనికీ తలుపు తీయించలేనివే. దాతల గదిని అసలు ఆ తలుపుకి అందకుండా వేరే చోటికి మార్చేశారు. నా తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ చాలా పొదుపైనవాళ్ళు. ఏ ఒక్కటీ ఎవరి గోడ మీదా లేదు. ఏ మనిషీ వాళ్ళ మొహం చూడలేదు. వాళ్ళని చూస్తే నాకు కొంచెం అసూయ, చాలా నిశ్చింత.

చివర్లో ప్రత్యూష ఒక పని ఎక్కువ చేసింది. పనికిరాని తాళంచెవి పట్టుకుని ఎవరైనా వస్తే తలుపు ఒక్క ముక్కలో కాదనేసి ఊరుకుంటుంది, అది ఎక్కడైనా పద్ధతే. ప్రత్యూష ఆ కాదనడం కింద ఒక వాక్యం చేర్చింది: రక్తం అవసరమైతే ఈ నంబరుకి ఫోన్ చేయండి, ఏ వేళైనా మనిషి మాట్లాడతారు. వీరభద్రంగారు అది చూసి, “తప్పుడు కీతో వచ్చేవాడికి ఇంత మర్యాదెందుకమ్మా?” అన్నారు.

“వచ్చేవాడు దొంగే అయ్యుండాలని ఏముందండి,” అంది ప్రత్యూష.

మూడు వారాలు గడిచాయి. మళ్ళీ జోషిత వంతు. దసరాకి ముందు ఇచ్చి ఉండటం వల్ల ఎవరి ఫోనుకీ కదలని ఒక దాతకి అప్పటికి గడువు తీరింది. అతను పొద్దున్నే వచ్చి ఇచ్చి వెళ్ళాడు. పిల్లకి సూది గుచ్చారు. అదే సమయంలో, ఆ ఫోటో ఎక్కడ మిగిలి ఉందో, ఎవరు దాచుకున్నారో, ఏదో ఊళ్ళో ఎవరో నన్ను ఒక్కో అక్షరమూ ఫోనులో కొట్టడం మొదలుపెట్టారు. రెండుసార్లు తప్పు పడింది. ఆ వేళ్ళు నాకు కొత్తే కానీ ఆ వణుకు కొత్త కాదు. మూడోసారి నన్ను సరిగ్గా పట్టుకుని తలుపు దగ్గరికి వచ్చారు.

తలుపు తెరుచుకోలేదు. పుట్టిన దగ్గర్నుంచీ ఎవరు తెచ్చినా తీసిన తలుపు, నన్ను వెనక్కి తిప్పి పంపింది. ఆ వచ్చిన మనిషి కోసం నాకు బాధేసింది. లోపల గదిలో జోషితకి చుక్క చుక్కగా రక్తం ఎక్కుతోంది, అందుకు సంతోషంగానూ ఉంది. ఈ రెండూ ఒకేసారి ఎలా భరిస్తారో మనుషులకే తెలియాలి.

కాసేపటికి ఎస్తేరు రాణిగారి బల్ల మీద ఫోను మోగింది. ఆవిడ జోషిత చెయ్యి జాగ్రత్తగా దుప్పటి మీద పెట్టి, లేచి వెళ్ళి ఫోనెత్తారు.

“ఏడవకండి బాబూ, నెమ్మదిగా చెప్పండి,” అన్నారు. “ఎవరికి కావాలి?”